మౌత్ ఆర్గాన్ రీడ్లు సరిచేసుకోవడం – నాలుగో పాఠం: పలకని రెండో కన్నం

ఈసారి శ్రుతి సరిచేయడం నేర్పుతానని పోయిన పాఠం చివర రాశాను. నేర్పుతాను, కానీ ఆఖర్న, కొంచెమే. రీడు అంటే ఒక చివర రివెట్టుతో ప్లేటుకు బిగించి, ఊపిరికి కంపించే సన్నటి ఇత్తడి నాలుక. దాని కింద ప్లేటులో ఉండే సందు గాడి, గాడి మీద రీడు కొన ఎంత ఎత్తున లేచి ఉందో అదే గ్యాప్. మూడో పాఠంలో గ్యాప్ గురించి చదివాక నాకు తెలిసి ఆరుగురు మౌత్ ఆర్గాన్ విప్పారు. అందులో నలుగురు విప్పింది ఒకే ఒక్క రీడు కోసం. రెండో కన్నం, పీల్చే రీడు. నలుగురిదీ ఒకటే మాట: "మాస్టారూ, అది సరిగ్గా పలకట్లేదని గ్యాప్ పెంచాను. ఇప్పుడు అసలే పలకట్లేదు."

ఒకాయనది గుణుపూర్. ఒకమ్మాయి రాయగడలో కాలేజీ చదువుతోంది. మిగతా ఇద్దరూ ఇక్కడ పర్లాకిమిడిలో మా వీధి చివర ఉండే అన్నదమ్ములు. వాళ్ళు ఆదివారం పొద్దున్నే వచ్చారు. రీడు ప్లేట్లు స్టీలు టిఫిన్ డబ్బా మూతలో ఉన్నాయి, స్క్రూలు సగం తిన్న మురీల (మరమరాల) పొట్లంలో ఉన్నాయి. మురీల్లోంచి స్క్రూలు ఏరడానికే పావుగంట పట్టింది. ఒకటి ఇప్పటికీ దొరకలేదు.

తప్పులో నా వాటా ఉంది. "రీడు ఆలస్యంగా పలికితే గ్యాప్ తగ్గించండి, గట్టిగా ఊదినప్పుడు బిగుసుకుంటే (పలకకుండా ఆగిపోతే) పెంచండి" అని రాశాను గానీ, అసలు తప్పు రీడుదో మీదో ముందు తేల్చుకోండి అని రాయలేదు. అంత మాత్రం తెలుస్తుందిలే అనుకున్నాను.

కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. కొత్తగా నేర్చుకునేవాళ్ళ చేతిలో రెండో కన్నం పీల్చినప్పుడు పలకకపోతే, పదింట తొమ్మిదిసార్లు రీడు బాగానే ఉంటుంది. బాగాలేనిది గొంతు.

ఎందుకో చెబుతాను. మీ చేతిలో ఉన్నది పది కన్నాల సి మౌత్ ఆర్గాన్ అనుకుందాం. మొదటి కన్నం ఊదితే వచ్చేదాన్ని స అనుకోండి. రెండోది ఊదితే గ, పీలిస్తే ప. మూడోది ఊదితే అదే ప, పీలిస్తే ని. అంటే ఈ కింది స్థాయిలో మ, ద అనే స్వరాలకు రీడే లేదు. వాటిని వంచి తెచ్చుకోవాలి. రెండో కన్నం పీలుస్తూ నాలుక వెనక భాగం పైకెత్తి గొంతు ఇరుకు చేస్తే, ప కిందికి జారి ప్రతిమధ్యమం మీదుగా శుద్ధ మధ్యమం దాకా దిగుతుంది. మనవాళ్ళ పాటలు సగం వాయించడానికి ఈ వంపే దిక్కు. కానీ వంచడం తెలియని మనిషి నోరు కూడా, తెలియకుండానే, అదే ఆకారంలో ఉంటుంది. నాలుక ఎత్తుగా, దవడ బిగుసుకుని, గొంతు మూసుకుపోయి ఉంటుంది. పైగా పలకడం లేదన్న టెన్షన్‌తో ఇంకా గట్టిగా లాగుతాడు. దాంతో ప అటు ప గానూ పలకదు, ఇటు మ లోకీ దిగదు, మధ్యలో నలిగి మూలుగుతుంది. విన్నవాడు "రీడు పోయింది" అనుకుంటాడు.

మొదటి కన్నం పీల్చే రీడుకూ ఈ జబ్బు కొంత ఉంది గానీ, ఇంత కాదు.

స్క్రూడ్రైవర్ ముట్టుకోకముందు మూడు పరీక్షలు చేయండి. ఒకటి, 1, 2, 3 కన్నాలు మూడూ కలిపి మెల్లగా పీల్చండి. రి, ప, ని కలిసి నిండుగా వినబడితే రెండో రీడు బతికే ఉంది. రెండోది, మూడో కన్నం ఊది, వెంటనే రెండో కన్నం పీల్చండి. రెండూ ఒకటే ప. రెండోది కిందికి వేలాడుతున్నట్టు వినిపిస్తే గొంతు వంచుతోందన్నమాట. మూడోది, ఇంకా అనుమానం తీరకపోతే కింది రేకు (బయటి కప్పు) మాత్రం తీసి, పంటిపుల్ల కొనతో రెండో రీడును మీటండి. పక్క రీడ్ల లాగే తీగలా మోగితే దానికి ఏ రోగమూ లేదు. రేకు మూసేయండి.

మందు ఒక్కటే. ఆవులింత మొదలయ్యేటప్పుడు గొంతు ఎలా తెరుచుకుంటుందో అలా పెట్టి, దవడ కిందికి వదిలి, నాలుక కిందికి పరిచి, నిద్రపోయే పిల్లాడి ఊపిరంత మెల్లగా పీల్చండి. పూర్తిగా అలవాటు కావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. రాయగడ అమ్మాయికి ఫోన్లోనే ఇది చెప్పి పీల్చమన్నాను. నాలుగోసారికి ప వచ్చింది, ఆ గ్యాప్ పెంచిన రీడు మీదే, కొంచెం ఆలస్యంగా. "అయితే నేను పాడుచేసింది బాగున్న రీడునా!" అంది. అవునమ్మా.

నలుగురిలో ఒక్కరిది మాత్రం నిజంగా రీడు తప్పే. అన్నదమ్ముల్లో చిన్నవాడిది. మీటితే టిక్కుమంది, మోగలేదు. భూతద్దం పెట్టి చూస్తే రీడుకీ గాడికీ మధ్య మురీ పొట్టు ఇరుక్కుని ఉంది. గ్యాప్‌తో దానికి సంబంధమే లేదు. పలుచటి రేకు ముక్క దూర్చి, రివెట్టు వైపు నుంచి కొన వైపు లాగితే వచ్చేసింది. తిన్నాక నోరు పుక్కిలించి వాయించమని మొదటి పాఠంలోనే రాశాను.

ఇక పెంచిన గ్యాప్ దించడం. చాలామంది కొనను నొక్కుతున్నారు. కొనను నొక్కితే కొనే వంగుతుంది, రీడు తోలుచెప్పు ముక్కులా తయారవుతుంది. రివెట్టు నుంచి మూడో వంతు దూరంలో పుల్ల ఆనించి, రీడును గాడిలోకి కొంచెం దించి, రెండు క్షణాలు ఉంచి వదలండి. తర్వాత నాలుగైదు సార్లు మీటండి. ఇత్తడి కొంత వెనక్కి వస్తుంది, మీటిన తర్వాత నిలిచిందే అసలు గ్యాప్. ప్లేటును కంటి ఎత్తులో ట్యూబులైటుకు అడ్డంగా పట్టుకుని పక్కనుంచి చూడండి. రివెట్టు దగ్గర గాడికి ఆనుకుని, అక్కడినుంచి తిన్నగా కొన వైపు కొద్దికొద్దిగా లేవాలి. మధ్యలో పొట్ట ఉండకూడదు.

ఎంత గ్యాప్? కొన దగ్గర రీడు మందం ఎంతో ఇంచుమించు అంత. ఇది మొదలుపెట్టడానికి మాత్రమే. ఒకటో కన్నానికి కాస్త ఎక్కువ, పదో కన్నానికి బాగా తక్కువ. నేను రాత్రిపూట మేడమీద మెల్లగా వాయించే రకం, అందుకని నావన్నీ తక్కువ గ్యాప్‌తో ఉంటాయి. మీరు ఊరేగింపులో తప్పెట్ల పక్కన నిలబడి ఊదేవాళ్ళయితే నా కొలత పెట్టుకోకండి, రీడ్లు బిగుసుకుపోతాయి. రీడు ఎత్తడానికి నేను బైకు మెకానిక్కులు టాపెట్లకు వాడే ఫీలర్ గేజ్‌లోని 0.05 మిల్లీమీటర్ల రేకు వాడతాను. ప్రత్యేకంగా అమ్మే టూల్ కిట్లు నాకు నచ్చవు. వాటి డబ్బుతో ఇంకో మౌత్ ఆర్గాన్ కొనుక్కోవచ్చు.

గుణుపూర్ ఆయనది ఇంకో గొడవ, ఇది అందరికీ పనికొస్తుంది. ఆయనకు ప బాగానే వస్తుందిప్పుడు. మూడో కన్నం వంచితే ద రావడం లేదు. ని నుంచి సగం దిగి ఆగిపోతోంది. నెల రోజులుగా పీల్చే రీడును దించడం, ఎత్తడం చేస్తున్నాడు. నేను ఊదే రీడు సంగతి అడిగాను. "పీల్చేటప్పుడు ఊదే రీడుతో పనేముంది మాస్టారూ?" అన్నాడు.

అక్కడే ఉంది పని. ఒక కన్నంలోని రెండు రీడ్లూ ఒకే గదిలో కాపురం ఉంటాయి. మామూలుగా పీల్చినప్పుడు పీల్చే రీడు గాడిలోకి లాగబడి కంపిస్తుంది. స్వరం వంగి కిందికి దిగేకొద్దీ పని చేయి మారుతుంది. అదే గదిలోని ఊదే రీడు గాడి నుంచి పైకి తెరుచుకుంటూ కంపించడం మొదలెడుతుంది. వంపు లోతులో ఎక్కువగా పలికేది అదే. నమ్మకపోతే పై రేకు తీసి, మూడో కన్నం ఊదే రీడు గాడిని వేలితో మూసి పీల్చండి. ని వస్తుంది, కొంచెం వంగుతుంది, ద దాకా మాత్రం దిగదు.

కాబట్టి 1 నుంచి 6 కన్నాల్లో వంపు రాకపోతే పీల్చే రీడుతో పాటు ఊదే రీడు గ్యాప్ కూడా చూడండి. అది మరీ ఎక్కువుంటే వంపు అందదు. ఊదే రీడ్లు లోపలి వైపు ఉంటాయి. వాటి గ్యాప్ పెంచడం తేలిక, పైనుంచి గాడిలోకి పుల్ల దూర్చి లోపలికి నెడితే చాలు. తగ్గించాలంటే ప్లేటు విప్పండి. బయటినుంచి కొక్కెంతో లాగే విద్య ఉంది గానీ, మొదటి ఏడాది వద్దు. 7 నుంచి 10 దాకా అంతా తిరగబడుతుంది. అక్కడ ఊదేటప్పుడు వంగుతుంది, పీల్చే రీడు సాయం చేస్తుంది. ఇంతకంటే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు శ్రుతి. హార్మోనియం బాగుచేసేవాళ్ళను చూసినవాళ్ళకు ఇందులో కొత్తేం లేదు. నేను కూడా పర్లాకిమిడిలో నాటకాల వాళ్ళ హార్మోనియాలు బాగుచేసే ఒక పెద్దాయన పక్కన కూర్చునే నేర్చుకున్నాను. రెండింటిలోనూ ఉన్నది ఇత్తడి రీడే. కొన దగ్గర గీకితే బరువు తగ్గి శ్రుతి పెరుగుతుంది. రివెట్టు దగ్గర గీకితే బలం తగ్గి శ్రుతి దిగుతుంది. రీడు కింద పలుచటి రేకు ఆసరా పెట్టి, రెండు మూడు గీతలు గీకి, పొడి ఊదేసి, వినండి.

గీతలు పొడుగునే పోవాలి, అడ్డంగా వద్దు. మా ఊళ్ళో కొమ్ము బొమ్మలు చెక్కే ఒకాయన ఇచ్చిన చిన్న ఆకురాయితో నేను మొదట్లో ఒక రీడును రివెట్టు దగ్గర అడ్డంగా రుద్దాను. శ్రుతి భలే కుదిరింది. రెండు నెలల తర్వాత ఒక పెళ్ళిలో, చరణం మధ్యలో, సరిగ్గా ఆ గీత దగ్గరే విరిగింది. మిగతా పాట ఐదో కన్నం లేకుండానే వాయించాను.

ఫోన్లో ట్యూనర్ యాప్ సెంట్లలో చూపిస్తుంది. సెంటంటే ఇక్కడ స్థలం కొలత కాదు. పక్కపక్క రెండు స్వరస్థానాల మధ్య దూరాన్ని నూరు వంతులు చేస్తే ఒక వంతు. గట్టిగా ఊదితే రీడు శ్రుతి దిగుతుంది, అందుకే చాలా మౌత్ ఆర్గాన్లను ఫ్యాక్టరీలోనే ఎ (A) స్వరం సెకనుకు 440 కంపనాలకు బదులు 442 దగ్గర ఉండేలా పెడతారు. తేడా ఎనిమిది సెంట్ల లోపే. యాప్ ఎక్కువ చూపించిందని అన్నీ గీకి దించకండి. రీడు వేడెక్కినా శ్రుతి కొంచెం దిగుతుంది. గీకగానే చూసిన అంకె నమ్మకుండా, ప్లేటు బిగించి, చేతిలో కాసేపు వెచ్చబెట్టి, మెల్లటి ఊపిరితో చూడండి. నేనైతే రాత్రి గీకి తెల్లారి చూస్తాను.

యాప్ కంటే చెవి నయం. 1, 4 కన్నాలు కలిపి ఊది, మధ్య రెండూ నాలుకతో మూయండి. రెండు స లూ కలిస్తే నిశ్చలంగా ఉంటుంది, కలవకపోతే వౌ వౌ అని ఊగుతుంది. ఊపు నెమ్మదించే దాకా గీకండి. ఇది పది కన్నాల దానికే. ఇళ్ళల్లో ఎక్కువగా ఉండే 24 జంట కన్నాల ట్రెమోలోలో 48 రీడ్లుంటాయి, ప్రతి స్వరానికీ రెండు రీడ్లు కావాలనే కాస్త తేడాగా పెడతారు. ఆ ఊపే దాని అందం. దాన్ని "సరిచేసి" నా దగ్గరికి తేకండి.

అభ్యాసం: వారం రోజులు మౌత్ ఆర్గాన్ విప్పకూడదు. కాగితం మీద ఇరవై గళ్ళు గీయండి, పది ఊదేవి, పది పీల్చేవి. రోజూ ఒకే వేళకు ప్రతి రీడునూ మూడు రకాలుగా పలికించండి: వినీవినబడనంత మెల్లగా, మామూలుగా, గట్టిగా. ఆలస్యమైతే "ఆ", బిగుసుకుంటే "బి", బాగుంటే చుక్క. రోజుకు అరవై గుర్తులు, ఏడు రోజులకు 420. ఏడు రోజులూ ఒకే తప్పు చేసిన రీడునే ఎనిమిదో రోజు విప్పండి, ఎన్ని తప్పులున్నా ఒక్కదాన్నే. రెండో కన్నం పీల్చే రీడు మీ పట్టీలో ఏడు రోజులూ "ఆ" అని ఉన్నా, పైన చెప్పిన మూడు పరీక్షలూ అయ్యాకే స్క్రూడ్రైవర్ తీయండి.