టర్కీలకు నల్లతల రోగం: మందు వేసే ముందు జాగ్రత్తలు

రెట్ట గంధకంలా పసుపుగా పడుతోందా? టర్కీ రెక్కలు వేలాడేసి, కళ్లు మూసుకుని మూలన నిలబడుతోందా? నల్లతల రోగం కావచ్చు. తల నల్లబడేదాకా ఆగకండి, చాలాసార్లు అది కనబడనే కనబడదు.

• ముందు ఆ పక్షిని వేరు చేయండి.

• ఒక్కసారిగా చాలా పక్షులు చనిపోతే బర్డ్ ఫ్లూ అనుమానించాలి. ముట్టుకోకుండా పశువైద్య సహాయ నంబరు 1962కి ఫోన్ చేయండి.

• ఈ రోగాన్ని తెచ్చే ఏకకణ జీవి మామూలు యాంటీబయాటిక్‌కు చావదు. మనం తినే పక్షులకు మెట్రోనిడజోల్ అనే మందు వాడటం చాలా దేశాల్లో నిషిద్ధం. పశువైద్యుణ్ణి అడగకుండా ఒక్క మాత్ర కూడా వేయకండి.

• పక్కనే నాటుకోళ్లున్నాయా? అసలు మూలం అక్కడే. వాటి పేగు పురుగుల గుడ్లలో దాగి, ఈ రోగం మట్టిలో ఏళ్లు బతుకుతుంది. కోడి పైకి హాయిగా తిరుగుతూనే ఉంటుంది. అందుకే కోళ్లనూ టర్కీలనూ ఒకే నేలమీద తిప్పకండి.