పిల్లికి జోడీ బల్లి: ప్రాస మాటలు ఇలా పట్టుబడ్డాయి

కావలి దగ్గర పల్లె బడిలో ఒకటో తరగతికి చెబుతాను. ప్రాస మాటలు మొదట్లో అసలు సాగలేదు. ‘పిల్లి’కి జోడీ చెప్పమంటే ‘పిల్ల’, ‘పిలక’ అనేవాళ్లు. తప్పు వాళ్లది కాదు. ‘అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు’ అంటూ మనమే వాళ్ల చెవిని మొదటి అక్షరానికి కట్టేశాం.

పలకలు పక్కన పెట్టించాను. మాట తల గొణిగి, తోక గట్టిగా పలికాను: పి... ల్లి! బ... ల్లి! తోక కలిసినప్పుడల్లా చప్పట్లు.

తర్వాత ఒక గంప తెచ్చి మధ్యలో పెట్టాను. దీనికి జోడీ మీ ఒంటి మీదే ఉంది, తాకి చూపించండన్నాను. కాసేపు ఎవరూ కదల్లేదు. వెనక కూర్చున్న పాప రెండు చేతులూ బుగ్గలకు ఆనించి ‘చెంప!’ అని అరిచింది. ఆ కేక ఇంకా నా చెవుల్లోనే ఉంది.

ఒకడు ‘టంప’ అన్నాడు. అర్థం లేకపోయినా ఒప్పుకున్నాను, చెవి పట్టుకుంది కదా! ‘పిల్లి, పెళ్లి’ కూడా ముందు సరే అని, ల, ళ తేడా తర్వాతి వారం చెప్పాను.

రోజూ పది నిమిషాలే. మూడో వారం మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టగానే ‘పప్పు, ఉప్పు, నిప్పు’ అని పాడుకుంటూ వరసలో నిలబడ్డారు.