సెలవుల్లో ఇంట్లోనే ఎయిర్ రైఫిల్ ప్రాక్టీసా? మొదటి పెల్లెట్ వేసే ముందు

పరీక్షలు అయిపోయాయి, ఎండలు ముదిరాయి. షూటింగ్ రేంజ్‌కి వెళ్లి రావడానికే సగం రోజు పోతోందని హాల్లోనే టార్గెట్ పెట్టుకునే ఇళ్లు ఈ రెండు నెలల్లో కొన్నైనా ఉంటాయి. అందులో తప్పేం లేదు. అభినవ్ బింద్రా 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలవడానికి ముందే వాళ్ల ఇంట్లో షూటింగ్ రేంజ్ ఉంది. మన హైదరాబాద్ నుంచి గగన్ నారంగ్ 2012లో లండన్‌లో కాంస్యం తెచ్చాడు, ఈషా సింగ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చింది. ఇవన్నీ చూసిన పిల్లలు అడిగితే కాదనలేం.

నా భయమల్లా "చిన్న పెల్లెటేగా, ఏమవుతుంది" అనే మాటతోనే. ఎయిర్ రైఫిల్‌లో వేసే ఆ సీసపు గుండు బరువు అర గ్రాము. కానీ బ్యారెల్ దాటేటప్పుడు సెకనుకు 170 మీటర్లకు అటూ ఇటూ వేగంతో వెళ్తుంది. కన్ను పోవడానికి అది చాలు.

మేం మొదట్లో టార్గెట్ వెనక తలుపు చేయించగా మిగిలిన టేకు చెక్క పెట్టాం. రెండో రోజే "టిక్" మని మా అమ్మాయి కాళ్ల దగ్గర టైల్ మీద ఏదో పడింది. తీసి చూస్తే కందిపప్పు బద్దలా నలిగిన పెల్లెట్. గట్టి చెక్కకు తగిలి అంత దూరం వెనక్కి వచ్చింది. ఆ సాయంత్రమే చెక్క తీసేశాం. టార్గెట్ దాటిన పెల్లెట్లను పట్టుకునే పెట్టె, అంటే పెల్లెట్ ట్రాప్ కొనండి. చేయించుకుంటే లోపలి ఇనుప పలక నిటారుగా కాకుండా, తగిలిన పెల్లెట్ కిందికి జారేలా ఏటవాలుగా ఉండాలి. గురి తప్పినవాటి కోసం ట్రాప్ వెనక పాత బొంత వేలాడదీయండి. షూటర్‌తో పాటు పక్కన చూస్తున్నవాళ్లకూ కళ్లద్దాలు ఉండాల్సిందే.

దూరం 10 మీటర్లు, టార్గెట్ మధ్య భాగం నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తు. ఈ కొలతలు అందరూ సరిగ్గానే పెడతారు, తలుపుల సంగతే మర్చిపోతారు. షూటర్‌కీ టార్గెట్‌కీ మధ్య ఒక్క తలుపు కూడా తెరుచుకోకూడదు. బాత్రూమ్ తలుపైనా సరే, గడియ పెట్టాలి. ఇంట్లోవాళ్లంతా షూటర్ వెనకే ఉండాలి. కరెంటు పోయినా, కాలింగ్ బెల్ మోగినా రైఫిల్ ఖాళీ చేసి, బ్యారెల్‌లో సేఫ్టీ ఫ్లాగ్ (లోపల పెల్లెట్ లేదని బయటికి కనిపించే రంగు తీగ) పెట్టి, కింద ఉంచాకే కదలాలి.

ఇక సీసం. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే, ఎందుకంటే దెబ్బ తగిలినట్టు వెంటనే తెలియదు. పది షాట్లు అయ్యేసరికి వేళ్ల కొసలు బూడిద రంగుకు తిరుగుతాయి. అదే చేత్తో మా అమ్మాయి ఉప్పూ కారం అద్దిన మామిడికాయ ముక్క అందుకోబోతుంటే ఆపాను. ప్రాక్టీస్ గదిలో తిండి వద్దు, అయ్యాక సబ్బుతో చేతులు కడగాలి. ట్రాప్ చుట్టూ చీపురుతో ఊడిస్తే దుమ్ము లేస్తుంది, తడిగుడ్డతోనే తుడవండి. పాకే పిల్లలో, గర్భిణులో ఉన్న ఇంట్లో పెల్లెట్లతో ప్రాక్టీసే వద్దంటాను. వాడిన పెల్లెట్లను మూత డబ్బాలో వేయండి, పొయ్యి మీద కరిగించే ప్రయోగాలు చేయకండి.

మైనంతో తక్కువ శక్తి బుల్లెట్లు ఇంట్లోనే చేసుకోవచ్చా అని అడిగేవాళ్లున్నారు. వద్దు. లైసెన్స్ లేకుండా మందుగుండు తయారు చేయడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం. పైగా మైనం ముక్కైనా దగ్గర నుంచి తగిలితే గాయమే, మూసిన గదిలో దాన్ని పేల్చే మందు (ప్రైమర్) పొగలోనూ సీసం ఉంటుంది.

ఖర్చు తగ్గాలంటే డ్రై ఫైరింగ్ ఉంది. పెల్లెట్ లేకుండా తెల్లగోడకు గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కడం. పెద్ద షూటర్లూ గంటలు గంటలు చేస్తారు. మ్యాచ్ రైఫిళ్లలో చాలావాటికి ఆ సదుపాయం ఉంటుంది, స్ప్రింగ్ బలంతో పనిచేసే ఎయిర్ గన్‌ని మాత్రం ఖాళీగా పేల్చకండి, పాడైపోతుంది. ముందు బ్యారెల్ ఖాళీయో కాదో ఇద్దరు చూడాలి, పెల్లెట్ డబ్బా వేరే గదిలో ఉండాలి.

రైఫిల్ ఎయిర్ సిలిండర్‌లో 200 బార్ ఒత్తిడి ఉంటుంది. మే ఎండలో కారులో వదిలేసి షాపింగ్‌కి వెళ్లకండి. దాని మీద ముద్రించిన గడువు తేదీని ఈ రోజే ఒకసారి చూడండి.