ఇంటి దగ్గర స్విమ్మింగ్ పూల్: మేస్త్రిని వెతికే రోజు నుంచి నీళ్లు తేటగా నిలిచే దాకా

దేవరకొండ రోడ్డులో మా తోట దగ్గర పిల్లల కోసం పూల్ కట్టించాం. నింపిన మూడో రోజు నుంచే రోజుకు అంగుళం చొప్పున నీళ్లు తగ్గాయి. కాంట్రాక్టర్‌ను అడిగితే "ఎండలు చూస్తున్నారు కదా సార్, ఆవిరైపోతున్నయి" అన్నాడు. నమ్మాం. నెల తర్వాత గానీ అసలు సంగతి తెలియలేదు. గోడలోంచి పైపు వచ్చే చోట సందు ఉంది. దాన్ని పట్టుకోవడానికి కొత్త టైల్స్ పగలగొట్టించాల్సి వచ్చింది. 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు ఉన్న పూల్‌లో అంగుళం అంటే దాదాపు 470 లీటర్లు. బోరు మీద బతికే ఊళ్లో అన్ని నీళ్లు రోజూ మట్టిలో కలిసిపోయాయంటే ఇప్పటికీ మనసు ఊరుకోదు. మీకు ఆ గతి పట్టకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ముందు మనిషిని చూసుకోండి

మట్టి పని, కాంక్రీటు పని తెలిసినవాళ్లకు మన దగ్గర కొదవ లేదు. దేశంలో ఎన్నో డ్యాముల దగ్గర చెమటోడ్చింది పాలమూరు కూలీలే. అయితే ఇల్లు కట్టడం వేరు, నీళ్లు నిలిపే తొట్టి కట్టడం వేరు. అందుకే మేస్త్రి కట్టిన ఇళ్లు కాదు, నాలుగైదేళ్ల కింద కట్టిన సంపులు, ట్యాంకులు చూపించమనండి. గోడ బయట తెల్లటి చారలు, చెమ్మ కనిపిస్తే ఇంకొకరిని వెతకండి.

ఫిల్టర్, మోటారు బిగించేవాళ్లు చాలావరకు హైదరాబాద్ నుంచి వస్తారు. నల్లగొండకైనా మహబూబ్‌నగర్‌కైనా అది వంద కిలోమీటర్ల దారి. మోటారు ఆగితే ఎవరొస్తారు, ఎన్ని రోజుల్లో వస్తారు అని ముందే అడగండి. ఇంకో మాట. తొట్టి ఒకరు కట్టి, పైపులు ఇంకొకరు వేస్తే, లీకేజీ వచ్చిన రోజు ఇద్దరూ ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు. మాకు జరిగింది అదే. లీకేజీ బాధ్యత ఎవరిదో ఒక్కరి పేరు మీద రాయించండి.

నేల, కాగితం

ఎర్ర చెల్క అయితే ఇబ్బంది తక్కువ. నల్ల రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. అక్కడ స్ట్రక్చరల్ ఇంజినీర్ డిజైన్ లేకుండా గుంత తీయించకండి. బండ తగిలితే తవ్వకం ఖర్చు ఎవరిదో ముందే తేల్చుకోండి.

మొత్తం పని గుత్తకు ఇచ్చినా డబ్బులు దశలవారీగానే ఇవ్వండి. రాడ్ కట్టాక కొంత, కాంక్రీటు పోశాక కొంత, నీళ్ల పరీక్ష నెగ్గాక కొంత. చివరి పది శాతం ఒక వానాకాలం గడిచాకే ఇస్తామని రాసుకోండి.

టైల్స్ కంటే ముందు నీళ్లు

ఈ మెట్టు మాత్రం దాటవేయకండి. కాంక్రీటును కనీసం 14 రోజులు తడపాలి. తర్వాత పైపుల మూతులు బిగించి, అంచు దాకా నింపి, వారం రోజులు వదిలేయండి. మొదటి రెండు రోజులు కాంక్రీటు కొంత పీలుస్తుంది కాబట్టి మూడో రోజు నుంచి లెక్క పెట్టండి.

ఆవిరా, లీకేజీనా తేల్చేది మామూలు బకెట్. పూల్ మెట్టు మీద బకెట్ పెట్టి, బయట నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయో లోపలా అంతే పోయండి. రెండు చోట్లా గీత గీసి, మోటారు ఆపి, 24 గంటల తర్వాత చూడండి. రెండూ ఒకేలా తగ్గితే ఎండ పని. మా బకెట్‌లో పావంగుళం తగ్గితే, బయట అంగుళం తగ్గింది.

నీళ్లు, మందులు

మిషన్ భగీరథ కింద ఇంటింటికీ వచ్చే నల్లా నీళ్లు తాగడానికి. వాటితో పూల్ నింపడం తప్పు. బోరు నీళ్లు వాడితే మొదట కఠినత్వం, అంటే కాల్షియం లాంటి లవణాలు ఎంత ఉన్నాయో పరీక్ష చేయించండి. 400 పీపీఎం (లీటరుకు 400 మిల్లీగ్రాములు) దాటితే టైల్స్ మీద తెల్లటి పొర పేరుకుంటుంది. కాల్షియం హైపోక్లోరైట్ పొడి ఆ కాల్షియాన్ని ఇంకా పెంచుతుంది. అందుకే మన నీళ్లకు ద్రవరూప క్లోరిన్, అంటే సోడియం హైపోక్లోరైట్ మేలని నా అభిప్రాయం. వేడికి దాని బలం తగ్గుతుంది, కొంచెం కొంచెంగానే కొనండి.

క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం, పీహెచ్ (నీళ్ల పులుపు, క్షార గుణాల కొలత) 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి. మాది సగటున 4 అడుగుల లోతు, దాదాపు 22,600 లీటర్లు. అందులో 1 పీపీఎం పెంచడానికి పది శాతం ద్రవం పావు లీటరు కూడా పట్టదు. పొద్దుగూకాకే కలపండి, ఎండలో కొన్ని గంటల్లోనే క్లోరిన్ ఎగిరిపోతుంది. క్లోరిన్ బిళ్లలతో పాటు, ఎండకు క్లోరిన్ ఎగిరిపోకుండా ఆపే సయన్యూరిక్ యాసిడ్ కూడా నీళ్లలో చేరుతుంది. అది 100 పీపీఎం దాటితే క్లోరిన్ సరిగా పని చేయదు, కొన్ని నీళ్లు తీసేసి కొత్తవి పోయడమే దారి.

మందును నీళ్లలో పోయాలి, నీళ్లను మందులో కాదు. యాసిడ్, క్లోరిన్ కలిస్తే విషవాయువు వస్తుంది. బిళ్లలు, హైపోక్లోరైట్ పొడి ఒకే డబ్బాలో పడితే నిప్పు రాజుకుంటుంది, పేలొచ్చు కూడా. కొలత గిన్నెలు కూడా వేరు పెట్టండి.

ఫిల్టర్ రోజుకు 6 నుంచి 8 గంటలు నడవాలి, ఏప్రిల్, మే నెలల్లో ఇంకాస్త ఎక్కువ. ప్రెజర్ మామూలు కంటే 8-10 పీఎస్ఐ పెరిగితే బ్యాక్‌వాష్ చేయండి, అంటే నీళ్లను వెనక్కి తిప్పి ఫిల్టర్ కడగండి.

నీళ్లు మబ్బుగా మారితే పటిక పనికొస్తుంది. ఫ్లోరైడ్ నీళ్లను పటిక, సున్నంతో తేర్చే 'నల్లగొండ పద్ధతి'ని నాగపూర్‌లోని నీరి సంస్థ తయారు చేసింది. ఆ పటికే ఇక్కడ మురికిని అడుగుకు దించుతుంది. రాత్రి కరిగించి చల్లి, మోటారు ఆపేయండి. పొద్దున అడుగున దిగిన మడ్డిని ఫిల్టర్‌లోకి పోనీయకుండా నేరుగా బయటికి లాగించండి. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటే క్లోరిన్ దాన్ని తీయదు, కాబట్టి పిల్లలు ఈ నీళ్లు మింగకుండా చూడండి.

పిల్లలు ఉన్న ఇల్లు

చుట్టూ నాలుగడుగుల కంచె, దానంతటదే మూసుకునే గేటు ఉండాలి. అడుగున నీళ్లు లాగే జాలీలు రెండు పెట్టించండి. ఒక్కటే ఉంటే ఆ లాగుడుకు పిల్లల జుట్టు, చేయి ఇరుక్కుంటుంది. లోపలి లైట్లు 12 వోల్టులవే ఉండాలి, మోటారు లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) తప్పనిసరి. ఇవన్నీ ఉన్నా, పిల్లలు నీళ్లలో ఉన్నంతసేపు ఒక పెద్దమనిషి ఫోన్ పక్కన పెట్టి గట్టు మీద కూర్చోవాలి.

వానాకాలంలో కడగడానికని పూల్ పూర్తిగా ఖాళీ చేయకండి. చుట్టూ నేలలో చేరిన నీళ్లు కింది నుంచి తోస్తే తొట్టి పగుళ్లివ్వచ్చు, పైకి కూడా లేవచ్చు. ఆ పని నేల బాగా ఎండాక చేయించుకోండి.