సెప్టెంబర్ 5న వంటమ్మకూ కుర్చీ వేయండి

సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టినరోజును 1962 నుంచి ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. అయితే సర్కారు బడి పంతుళ్లతోనే నడవదు. మధ్యాహ్న భోజనం వండేవాళ్లు, ఆయా, స్వీపరు, బడి కమిటీలోని తల్లిదండ్రులు కూడా దాన్ని మోస్తున్నారు. వాళ్లనూ సన్మానించాలంటే రెండు వారాల ముందే పని మొదలుపెట్టండి.

ముందు పేర్లు. బడిలో అందరూ 'ఆయమ్మా' అని పిలిచేవాళ్ల అసలు పేరు చాలామందికి తెలియదు. ఇంటిపేరుతో సహా ఆమెనే అడిగి రాసుకోండి, రాసింది చదివి వినిపించండి. పేరు తప్పుపడిన ప్రశంసాపత్రాన్ని ఎవరూ గోడకు తగిలించుకోరు.

ఎక్కువమంది పొరబడేది సమయం దగ్గరే. ఉదయం పదింటికి సభ పెడితే అప్పటికి అన్నం పొయ్యి మీద ఉంటుంది. వంటమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, శాలువా కప్పించుకుని మళ్లీ పరుగెత్తాలి. గిన్నెలు తోమడం కూడా అయ్యాక, రెండున్నరకు పెట్టండి. కుర్చీలు ముందు వరుసలోనే వేయాలి.

పిల్లలు ఐదారుగురు మాట్లాడితే చాలు, తలా ఒక నిమిషం. పొగడ్తలు బట్టీ పట్టించకండి. "నేను కారం తినలేనని నాకు పప్పు ముందే తీసిపెడతారు" లాంటి, తాము చూసిన సంగతి ఒక్కటి చెప్పించండి. మనసుకు తగిలేది అదే.

ముఖ్య అతిథి ఆలస్యమైతే ఆగొద్దు, పిల్లలు ఎండలో సొమ్మసిల్లుతారు. సన్మానాలు ముందు, ప్రసంగాలు తర్వాత. శాలువా బీరువాలో మూలపడుతుంది. ఆ డబ్బుతో స్టీలు క్యారియర్ కొనిస్తే రోజూ చేతిలో ఉంటుంది. చందా మాత్రం పిల్లల దగ్గర వసూలు చేయకండి.