చాడీల అలవాటు మానడం ఎలా? యూదు గురువులు చూపిన దారి

ఇకనుంచి ఎవరి ఊసూ ఎత్తకూడదని ఒట్టు పెట్టుకుంటాం. రెండు రోజులు గడిచాక టీ తాగుతూ మళ్లీ ఎవరినో ఒకరిని ఆడిపోసుకోవడం మొదలవుతుంది. అందుకే యూదు గురువులు నాలుక కన్నా దాన్ని ఆడించే మనసు మీద ఎక్కువ దృష్టి పెట్టారు. ఈ విషయాన్ని అందరికన్నా లోతుగా తవ్వినవాడు రబ్బీ ఇస్రాయెల్ మేయిర్ కగాన్. ఇప్పుడు బెలారుస్‌లో ఉన్న రాదిన్ అనే చిన్న ఊరు ఆయనది. 1873లో ఆయన 'హాఫెట్స్ హయీమ్' అనే పుస్తకం వేశాడు, ఆ తర్వాత జనం ఆయన్నే ఆ పేరుతో పిలవసాగారు.

ముందుగా ఒక సాకు వదులుకోవాలి. "ఉన్నమాటే కదా అన్నాను" అంటే ఇక్కడ చెల్లదు. నిజమే అయినా సరే, ఎదుటివాడికి నష్టమో తలవంపులో తెచ్చే మాటను 'లాషోన్ హారా' అంటారు. అబద్ధం కూడా కలిపితే అది ఇంకా పెద్ద తప్పు. "వాడి ముఖం మీదైనా ఇదే అంటాను" అన్నా ఒప్పుకోరు.

1. మీ జబ్బు ఏదో కనిపెట్టండి

కగాన్ మరో పుస్తకంలో చాడీలకు ఏడు మూలాలు చెప్పాడు: కోపం, ఎగతాళి, అహంకారం, నిరాశ, పట్టనితనం, ప్రతిదానికీ సణిగే గుణం, 'ఇందులో తప్పేముంది' అనుకోవడం. ఇవాళ మీరు ఎవరి గురించో అన్న మాట ఒక్కటి గుర్తు తెచ్చుకుని, అది ఈ ఏడింటిలో దేనివల్ల వచ్చిందో చూడండి. అన్నింటితో ఒకేసారి కుస్తీ పట్టనక్కర్లేదు.

2. దానికి తగ్గ మందు వేయండి

కోపమైతే మందు కాస్త చేదు. బైబిల్‌లోని లేవీయకాండం 19వ అధ్యాయంలో కొండెములు చెబుతూ తిరగవద్దన్న వెంటనే, సోదరుడి మీద పగ మనసులో దాచుకోకు, అతన్నే మందలించు అని ఉంటుంది. మీరు చేసిన రిపోర్టును సహోద్యోగి మీటింగులో తనదిగా చెప్పుకున్నాడనుకోండి. క్యాంటీన్‌లో నలుగురికి చెప్పుకుంటే కోపం చల్లారదు, చెప్పిన ప్రతిసారీ ఇంకాస్త రాజుకుంటుంది. అతన్నే పక్కకు పిలిచి, "నిన్న నా పేరు చెప్పకపోతే బాధేసింది" అనండి. నలుగురిలో మాత్రం అడగకూడదు. మనిషిని పదిమందిలో సిగ్గుపరచడం నెత్తురు చిందించడంతో సమానమని యూదుల ప్రాచీన ధర్మగ్రంథం తల్మూద్ మాట.

సణిగే గుణం ఇంకా మొండిది, ఎందుకంటే మనలో అది ఉందని మనకే తెలియదు. పలకరించినా పలకకుండా పోయినావిడను చూడగానే "ఎంత పొగరో" అనిపిస్తుంది. ప్రతి మనిషినీ మంచి వైపు నుంచే తూచమని ప్రాచీన యూదు గురువు యెహోషువా బెన్ పెరఖ్యా బోధ. ఆవిడ ఆసుపత్రి నుంచి వస్తోందేమో, అసలు మీ మాట వినపడలేదేమో. నోరు తెరిచే ముందు ఇలాంటి కారణాలు రెండు వెతకండి.

అహంకారానికి తల్మూద్ చురక ఒకటుంది: ఎదుటివాడికి వంక పెట్టేవాడు తనలో ఉన్న వంకే పెడతాడట. ఎగతాళికి మందు స్నేహాలు మార్చుకోవడమే. 'నావల్ల కాదు' అనే నిరాశ ఉన్నవాళ్లు రోజులో ఒక్క గంట ఎంచుకుని ఆ గంట మాత్రం నోటిని కాచుకుంటే చాలు. చాలాచోట్ల యూదులు బృందంగా గంటలు పంచుకుని ఇలా చేస్తారు. 'తప్పేముంది' అనుకునేవాళ్లకు మాత్రం లాషోన్ హారా నియమాలు రోజూ కొంచెం చదవడమే దారి.

3. చెవినీ కాచుకోండి

చాడీ ముగ్గురిని చంపుతుందని తల్మూద్ అంటుంది: చెప్పినవాడు, విన్నవాడు, ఎవరి గురించి చెప్పారో వాడు. విన్నవాడికే ఎక్కువ దెబ్బ అంటాడు మధ్యయుగపు యూదు పండితుడు మైమోనిడీస్. పొరపాటున చెవిన పడితే ఏం చేయాలి? జాగ్రత్త పడవచ్చు, నమ్మకూడదు. ఫలానా అతను అప్పు ఎగ్గొడతాడని విన్నారనుకోండి. అప్పిచ్చేటప్పుడు కాగితం రాయించుకోండి, కానీ అతన్ని మోసగాడని మనసులో తీర్మానించకండి. నాకైతే ఈ మొత్తం బోధనలో బాగా పనికొచ్చేది ఇదే.

4. చెప్పి తీరాల్సినప్పుడు చెప్పండి

మౌనమే గొప్పని అనుకోవద్దు. కొండెములు వద్దన్న ఆ వచనమే, పొరుగువాడి ప్రాణం మీదికి వస్తే ఊరుకోవద్దనీ అంటుంది. పెళ్లి సంబంధానికో వ్యాపారంలో పొత్తుకో వాకబు చేస్తూ ఎవరైనా మిమ్మల్ని అడిగితే, మీకు నేరుగా తెలిసిందే చెప్పాలి. గోరంత కొండంత చేయకూడదు. అవతలివాళ్లకు మేలు చేయాలనే ఉద్దేశం తప్ప పాత కక్ష ఉండకూడదు. వేరే దారిలో పని జరిగేటట్టయితే అసలు నోరు విప్పకూడదు.

5. అనేసిన మాటను సరిదిద్దండి

యూదులు పాపాలకు మన్నింపు కోరే రోజైన యోమ్ కిప్పూర్ నాటి ఉపవాసం మనిషికి చేసిన తప్పును కడగదు, ముందు ఆ మనిషిని బతిమాలుకోవాలని తల్మూద్‌కు మూలమైన మిష్నా చెబుతుంది. మీరు అన్న సంగతి అతనికి తెలియకపోతే? చెప్పి మరీ క్షమాపణ అడగాలన్నాడు కగాన్. తెలియని బాధ కొత్తగా పెట్టడమెందుకని ఆ కాలపు మరో గురువు రబ్బీ ఇస్రాయెల్ సలాంటర్ అభ్యంతరం చెప్పాడంటారు. ఇద్దరిలో ఎవరి మాట పాటించినా, మీ దగ్గర విన్నవాళ్ల దగ్గరికి వెళ్లి "నేనలా అని ఉండకూడదు" అని మాత్రం చెప్పి రండి.