నిద్రమాత్ర వేసుకునే ఇంట్లో సీసా కూడా ఉంటే

తెలుగులో సీసాలో ఉన్నదీ మందే, స్ట్రిప్పులో ఉన్నదీ మందే. రెండూ ఒకే ఒంట్లో కలిస్తేనే చిక్కు.

ముందు ఇంట్లోని స్ట్రిప్పులన్నీ బల్ల మీద పరచండి. పెద్ద అక్షరాల్లో ఉండే బ్రాండు పేరు కాదు, దాని కింద చిన్నగా ఉండే అసలు మందు పేరు చదవాలి. ఆల్ప్రజొలాం, క్లోనజెపాం, డయజెపాం, జోల్పిడెం: ఇవి మత్తు మాత్రలు. ట్రమడాల్, టాపెంటడాల్, దగ్గు సిరప్‌లో కొడీన్: ఇవి ఓపియాయిడ్లు, అంటే నల్లమందు తరహా మందులు. ట్రమడాల్ తరచుగా పారాసెటమాల్‌తో కలిసి ఒకే బిళ్లలో వస్తుంది. జ్వరం బిళ్లే కదా అని పొరబడేది అక్కడే. షుగరు వాళ్లకు అరికాళ్ల మంటలకిచ్చే ప్రీగాబలిన్‌నూ ఇదే వరుసలో పెట్టండి.

ఇవీ మద్యమూ మెదడులో ఊపిరిని నడిపే చోటును మందగింపజేస్తాయి. విడిగా తట్టుకున్న మోతాదే, కలిసినప్పుడు నిద్రలో శ్వాస ఆపేయొచ్చు. గురక, ఆయాసం ఉన్నవాళ్లకూ ముసలివాళ్లకూ ముప్పు ఇంకా ఎక్కువ.

'ఇవాళ తాగుతున్నా, మాత్ర మానేస్తా' అనే లెక్క పనికిరాదు. ఒంట్లో ఆల్ప్రజొలాం సగానికి తగ్గడానికే సుమారు 11 గంటలు, క్లోనజెపాంకైతే 30-40 గంటలు పడుతుంది. 180 మి.లీ. విస్కీ పోవడానికి ఏడెనిమిది గంటలు. పైగా రోజూ వేసుకునే మాత్ర ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ రావచ్చు. మానాల్సింది తాగుడు, అదీ రోజూ తాగేవాళ్లయితే డాక్టరుకు చెప్పే మానాలి.

తెలంగాణలో కల్తీ కల్లులో ఆల్ప్రజొలాం, డయజెపాం కలిపిన కేసులు ఎన్నో బయటపడ్డాయి. కల్లు కాంపౌండుకు రోజూ వెళ్లే అలవాటుంటే మొహమాటం లేకుండా డాక్టరుకు చెప్పండి. లేకపోతే ఆయన రాసిన నిద్రమాత్ర రెండో మోతాదవుతుంది.

లేపినా లేవకపోయినా, నిమిషానికి పదిసార్లు కూడా ఊపిరి తీయకపోయినా, గొంతు గురగురమన్నా, పెదాలు నీలంగా మారినా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఊపిరి ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. లేకపోతే ఛాతీ నడుమ 5 సెం.మీ. లోతున, నిమిషానికి 100-120 సార్లు నొక్కండి. నోటితో ఊపిరి ఇవ్వడం వస్తే 30 నొక్కులకు రెండుసార్లు ఊదండి. మజ్జిగ, నిమ్మరసం, ఉప్పునీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఖాళీ స్ట్రిప్పులు అంబులెన్సు వాళ్ల చేతికివ్వండి. నాలాక్సోన్ ఇంజక్షన్ ఓపియాయిడ్లకే విరుగుడు, మద్యానికీ నిద్రమాత్రకీ కాదు. దాని పట్టు 30-90 నిమిషాలే. మనిషి లేచి కూర్చున్నాడని ఇంటికి తీసుకుపోవద్దు.